అరకు వలిసె పొలంలో పది రూపాయలు: పావుగంట లఘుచిత్రానికి సలహాలు కావాలి

ప్రశ్న: వెన్నెలదారి (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో లఘుచిత్రాలు తీసే ఐదుగురు మిత్రులం. ఇంతకుముందు తీసిన రెండు చిత్రాలూ ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన కథలే. ఈసారి అరకు లోయలో, వలిసె పూలు పూసే కాలంలో, పర్యాటకులకూ స్థానికులకూ మధ్య జరిగే ఒక చిన్న ఘర్షణను పావుగంట చిత్రంగా తీయాలనుకుంటున్నాము. మా దగ్గర ఉన్నది మొత్తం 80,000 రూపాయలు. అంతకు మించి ఒక్క రూపాయి కూడా తేగల స్థితిలో లేము.

కథ నా మనసులో పడిన తీరు చెబుతాను. కిందటి నవంబరులో కుటుంబంతో అరకు వెళ్ళాను. రోడ్డు పక్కన పసుపు పచ్చగా విరగబూసిన పొలం కనబడగానే మా కారుతో పాటు మరో నాలుగైదు కార్లు ఆగాయి. గట్టు మీద కూర్చుని ఉన్న ఒక ఆదివాసీ మహిళ లేచి వచ్చి, లోపలికి వెళ్ళి ఫొటోలు తీసుకోవాలంటే మనిషికి పది రూపాయలు ఇవ్వాలని అడిగింది. పక్క కారులోని పెద్దమనిషి "దేవుడు పూయించిన పూలకు టికెట్టు ఏమిటమ్మా?" అంటూ పిల్లలను తీసుకుని పొలంలోకి దిగిపోయాడు. ఆమె మళ్ళీ మాట్లాడలేదు. వాళ్ళు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాక పొలంలోకి దిగి, విరిగిన మొక్కలను ఏరి గట్టు మీద వరసగా పేర్చింది. అలా ఎందుకు పేర్చిందో నేను అడగలేదు. ఏడాది గడిచినా ఆ వరస నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఇప్పటికి రాసుకున్న కథ ఇది. పొలం దగ్గర తల్లీ, బడికి వెళ్ళే వయసున్న కూతురూ ఉంటారు. నగరం నుంచి వచ్చిన కుటుంబంతో పది రూపాయల దగ్గర మాటా మాటా పెరుగుతుంది. ఆ ఇంటి యజమాని వంద రూపాయల నోటు నేల మీదికి విసురుతాడు. సాయంత్రం రిసార్టులో చలిమంట చుట్టూ జరిగే థింసా నృత్యంలో అదే తల్లి కనబడుతుంది. పొద్దున తిట్టినవాళ్ళే ఆమెను గుర్తు పట్టకుండా ఫోనుల్లో వీడియోలు తీసుకుంటారు. చిత్రం అక్కడితో ముగుస్తుంది. రిసార్టు భూమి ఎవరిది అన్న చిన్న ఉపకథ కూడా ఉంది.

నాకు తేలని సంగతులు కొన్ని ఉన్నాయి. నగరం వాళ్ళను దుర్మార్గులుగా, ఆదివాసులను అమాయకులుగా చూపించే చిత్రం తీయడం నాకు ఇష్టం లేదు, కానీ నేను రాసుకున్నది చదివిన ప్రతిసారీ అది అటువైపే జారిపోతోంది. తల్లి చేత ఏ భాష మాట్లాడించాలో తెలియడం లేదు. మా దగ్గర ఉన్న ఒక మంచి ఫోను, ఒక పాత కెమెరాతో ఆ పొలాన్ని ఎలా తీయాలో, డబ్బును ఎక్కడ ఖర్చు పెట్టి ఎక్కడ ఆపుకోవాలో కూడా అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.


జవాబు: కొండవాగు (డుంబ్రిగుడ మండలం)

నమస్కారం. నేను డుంబ్రిగుడ మండలంలో పుట్టి పెరిగిన ఆదివాసీని, ఉపాధ్యాయుడిని. మా ఇంట్లోనూ వలిసెలు పండిస్తాము. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆ మొక్కలను గట్టు మీద పేర్చిన సంగతి చూసినవాళ్ళు తప్ప రాయలేరు కనుక, మీతో వివరంగా మాట్లాడాలనిపించింది.

ముందుగా పంట గురించి చెబుతాను, ఎందుకంటే మా లోయకు వచ్చేవారిలో చాలామందికి అది పంట అన్న సంగతే తెలియదు. వలిసెలు నూనెగింజలు. వానల మీద ఆధారపడి మెట్ట చెక్కల్లో, కొండ వాలుల్లో చల్లుకుంటాము. వానాకాలం చివర చల్లితే చలి మొదలయ్యేసరికి పూతకు వస్తాయి. పువ్వు రాలిపోయాకే మాకు కావలసిన నల్లటి సన్నని గింజ తయారవుతుంది. ఒక మొక్క పుప్పొడి మరో మొక్కకు చేరితేనే గింజ పడుతుంది, ఆ పని తేనెటీగలు చేస్తాయి. అంటే పొలం మీ కంటికి అన్నిటికన్నా అందంగా కనబడే ఆ మూడు నాలుగు వారాలే పంటకు అన్నిటికన్నా నాజూకైన సమయం. అప్పుడు కాడ విరిగితే ఆ మొక్క నుంచి ఇంక ఏమీ రాదు. మీరు చూసిన తల్లి విరిగిన మొక్కలను ఎందుకు పేర్చిందో నేనూ ఖాయంగా చెప్పలేను, కానీ మా అమ్మ అయితే లెక్క కోసం పేర్చి ఉండేది. ఆ రోజు ఎంత పోయిందో సాయంత్రం మా నాన్నకు చూపించడానికి.

ఇక పది రూపాయల సంగతి. తెలుగులో అడగడం, అడుక్కోవడం అని రెండు మాటలు ఉన్నాయి కదా. మా గొడవ అంతా ఆ రెండు మాటల మధ్యనే ఉంది. మా వాళ్ళు అడుగుతారు, వచ్చినవారికి అది అడుక్కోవడంగా వినిపిస్తుంది. చైత్రమాసంలో మా ఇటుకల పండుగకు మగవాళ్ళు వేటకు వెళ్తే ఆడవాళ్ళూ పిల్లలూ దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయే వాహనాలను ఆపి పండుగ డబ్బులు అడుగుతారు. అది మా దగ్గర తరాలుగా ఉన్న ఆచారం. ఇవ్వడం సంతోషం, అడగడం హక్కు. కొత్తగా వచ్చినవారు మాత్రం దానిని దారి దోపిడీ అనుకుని కారు అద్దాలు ఎత్తేసుకోవడం నేను చూశాను. మీ తల్లి పాత్ర పది రూపాయలు అడిగేటప్పుడు గొంతులో బతిమాలడం ఉండకూడదు. మా సంతలో దుంపలు అమ్మే మనిషి ధర చెప్పినట్టుగా చెప్పాలి. నటి అడుక్కునే గొంతుతో ఆ మాట అంటే, మీరు ఎంత మంచి మనసుతో తీసినా, చిత్రం మా మీద జాలి పడే చిత్రం అవుతుంది.

భాష గురించి. మా వైపు కొండదొర, పోర్జ, గదబ, కోటియ, వాల్మీకి, బగత మొదలైన తెగల వాళ్ళం కలిసి బతుకుతాము. ఇళ్ళలో చాలామందిమి ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటాము, కొన్ని ఊళ్ళలో కువి, మరికొన్ని ఊళ్ళలో పోర్జ, గదబ భాషలు వినబడతాయి. తెలుగు మాకు బడిలోనూ సంతలోనూ అబ్బిన భాష. అందువల్ల తల్లీకూతుళ్ళు తమలో తాము ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకోవడం, వచ్చినవారితో తల్లి పొట్టి పొట్టి తెలుగు మాటలు అనడం, కూతురు మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు చక్కటి తెలుగు మాట్లాడడం సహజంగా ఉంటుంది. తల్లి మాటలకు కింద తెలుగు అక్షరాలు వేయండి. ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక ఊరి మనిషి మాటకు తెలుగు అనువాదం చదువుకోవలసి వచ్చినప్పుడు, అక్కడ కొత్తవాడు ఎవరో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. దయచేసి సినిమాల్లో వినిపించే ఆ 'దొరా' అన్న పిలుపును మా నోట పెట్టకండి. మేము వచ్చినవారిని సార్ అనీ మేడం అనీ పిలుస్తాము, కాస్త చనువు కుదిరితే అన్నా, అక్కా అంటాము.

థింసా ముగింపు తీసేయమని గట్టిగా కోరుతున్నాను. మా లోయ గురించి కెమెరా పట్టిన ప్రతివారూ చివరకు థింసా దగ్గరికే వస్తారు. అంతకన్నా పెద్ద అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని అడుగు కలిపి ఆడే ఆ నాట్యం మా పండుగలకూ పెళ్ళిళ్ళకూ ప్రాణం, ఆ జట్ల వాళ్ళు దానిని గౌరవంగానే ఆడి కష్టార్జితంగానే డబ్బు తీసుకుంటున్నారు. మీ కథలో అది అవమానానికి గుర్తుగా మారిపోతోంది. పొలంలో అవమానపడిన మనిషే సాయంత్రం అక్కడ ఆడడం అన్నది కథకుడి అవసరం కోసం వచ్చినట్టు కూడా ఉంది.

భూమి ఉపకథ పావుగంటలో ఇమడదు. మాది షెడ్యూల్డు ప్రాంతం, అంటే ఆదివాసుల రక్షణకు రాజ్యాంగం ప్రకారం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించాక, దానినే మేము 1/70 చట్టం అంటాము, ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు, మరో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. మా పక్కనే ఉన్న అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా మాకు అండగా నిలిచింది. అయినా బయటి డబ్బు స్థానికుడి పేరు వెనక నిలబడి వ్యాపారం చేయడం ఆగలేదు. కాగితంలో ఎవరి పేరు ఉందో కచేరీకి తెలుసు, గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారో ఊరికి తెలుసు. దాని మీద వేరే చిత్రం తీయండి, నేను చేతనైన సాయం చేస్తాను. ఈ చిత్రాన్ని మాత్రం పొలం గట్టు దాటనివ్వకండి.


జవాబు: చీకటిగది (హైదరాబాదు)

ఛాయాగ్రాహకుడిగా చాలా లఘుచిత్రాలకు పని చేశాను. పై జవాబు మీ కథకు ఎంత అవసరమో మీ డబ్బుకు కూడా అంతే మేలు చేసింది. రిసార్టు, చలిమంట, రాత్రి వెలుగులు, నృత్య బృందం పోయాయంటే మీ ఖర్చులో సగం పోయినట్టే. ఒకే పొలం, ఒకే పొద్దు, నలుగురైదుగురు మనుషులు. 80,000కు సరిపోయే కథ అది.

మొదట ఆలోచించవలసినది ఒకటి ఉంది. మీ చిత్రం పొలం తొక్కడం గురించి. దృశ్యం సరిగ్గా వచ్చేదాకా ఆరేడు సార్లు తీస్తారు. ప్రతిసారీ నటులు నడుస్తారు, వాళ్ళ వెనక కెమెరా పట్టుకున్నవాడూ మైకు పట్టుకున్నవాడూ నడుస్తారు. సాయంత్రానికి ఆ చెక్కకు పర్యాటకులు నెల రోజుల్లో చేసినంత నష్టం మీరు ఒక్కరోజులో చేస్తారు. అందుకని రైతుతో ముందుగానే మాట్లాడి, ఆ చెక్క మీద వచ్చే పంట మొత్తానికి ఆయన చెప్పిన ధర చెల్లించి, ఆ తర్వాతే కాలు పెట్టండి. మిగిలిపోయిన గింజ ఆయనదే. అలా చెల్లించాక కూడా తొక్కే దృశ్యాలను తక్కువగా తీయండి. నటులు గట్టు దిగే దాకా చూపించి, ఆపైన తల్లి ముఖం మీద నిలబడి, కాడలు విరిగే చప్పుడు వినిపిస్తే చాలు. ఆ చప్పుడును ఎండిన వలిసె కట్టెలతో విడిగా రికార్డు చేసుకోవచ్చు.

ఇక చిత్రీకరణ. ఆ లోయలో చలికాలపు ఉదయాలు తొమ్మిది దాకా మంచు పట్టి ఉంటాయి. మంచులో మొదలైన సంభాషణ ఎండలో ముగిస్తే ఎడిటింగు బల్ల మీద రెండు ముక్కలూ అతకవు. కాబట్టి మంచు ఉన్నంతసేపూ తల్లీకూతుళ్ళు పొలానికి వచ్చే దృశ్యాలు తీసుకుని, ఎండ పొడిచాక ఘర్షణ మొదలుపెట్టండి. కొండల చాటున పొద్దు తొందరగా వాలిపోతుంది, నాలుగున్నర తర్వాత వెలుతురు మీద ఆశ పెట్టుకోవద్దు. ఫ్రేము నిండా పసుపు ఉన్నప్పుడు ఫోను తనంత తానుగా రంగు సరిచేయబోయి ముఖాలను నీలిగా మారుస్తుంది. వైట్ బ్యాలన్సునూ (రంగుల సర్దుబాటు) ఎక్స్‌పోజరునూ (వెలుతురు మోతాదు) చేత్తో పెట్టి మారకుండా తాళం వేయండి, కాస్త చీకటిగానే తీయండి. పసుపు ఒకసారి మండిపోయిందంటే పూరేకుల గీతలు తర్వాత ఎంత గింజుకున్నా తిరిగి రావు. డ్రోను వద్దు. ఆ పసుపును పైనుంచి చూపించే వీడియోలు ఇప్పటికే వేలకు వేలు ఉన్నాయి. మీ కెమెరా గట్టు మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తును దాటకుండా ఉంటే అదే మీ చిత్రానికి ఒక చూపును ఇస్తుంది.

బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు క్షమిస్తాడు, మాట వినబడకపోతే క్షమించడు. ఆరుబయట గాలి పెద్ద శత్రువు. చొక్కాకు తగిలించే మైకులు రెండు, బొచ్చు తొడుగు ఉన్న బూమ్ మైకు ఒకటి అద్దెకు తెచ్చుకోండి. నటులు అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి ఆ పొలం సవ్వడిని రెండు నిమిషాలు విడిగా రికార్డు చేసుకోండి. ఆ తేనెటీగల రొద మీకు నేపథ్య సంగీతం ఖర్చు కూడా తప్పిస్తుందని నా నమ్మకం.

నేనైతే డబ్బును ఇలా సర్దేవాణ్ణి: పొలానికి 10,000, నటీనటులకు 20,000, ప్రయాణానికీ బసకూ తిండికీ 25,000, శబ్ద పరికరాల అద్దెకు 10,000, సౌండ్ మిక్సింగుకూ రంగులు సరిచూసుకోవడానికీ 10,000. మిగిలిన 5,000 ఎవరి చేతికీ ఇవ్వకుండా దాచుకోండి, ఘాటు రోడ్డు మీద టైరు పేలినప్పుడు పనికొస్తుంది. నటీనటుల విషయంలో ఒక్క మాట. తల్లి పాత్రకు స్థానిక మహిళను తీసుకుంటే నగరం నుంచి వచ్చిన నటుడికి ఎంత ఇస్తారో ఆమెకూ అంతే ఇవ్వండి, రోజు కూలి లెక్క కట్టవద్దు. ఆమెకు సంభాషణలు బట్టీ పట్టించకుండా సన్నివేశం చెప్పి, ఆమె తన పొలంలో ఏమంటుందో అదే అననివ్వండి.


జవాబు: బాటసారి (హైదరాబాదు)

మీరు వెదుకుతున్న ఆ నగరం మనిషిని నేనే కావచ్చు. రెండేళ్ళ క్రితం డిసెంబరులో అరకు వెళ్ళి, సరిగ్గా అలాంటి పొలం దగ్గరే గట్టిగా మాట్లాడి వచ్చాను. పై జవాబులు చదివాక నాకు సిగ్గు వేసింది. అయినా నా వైపు నుంచి కూడా ఆ పొద్దు ఎలా ఉందో చెబితే మీ కథకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ఏడాది మొత్తం మీద దొరికిన మూడు రోజుల సెలవు అది. విశాఖపట్నం నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కడం మొదలయ్యాక మా ఆరేళ్ళ బాబు మలుపు మలుపుకూ వాంతి చేసుకున్నాడు. నా భార్య వాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని నీళ్ళు చిలకరిస్తూనే ఉంది. దారిలో ఆడవాళ్ళు వెళ్ళగలిగిన మరుగుదొడ్డి ఒక్కటి కూడా మాకు కనబడలేదు. ఆగిన ప్రతిచోటా పార్కింగు అని ఒకరు, ప్రవేశ రుసుము అని ఒకరు డబ్బు అడిగారు. అందులో ఏది పంచాయతీది, ఏది ఎవరిదో చెప్పే బోర్డు ఎక్కడా లేదు. అలా విసిగి విసిగి పొలం దగ్గరికి వచ్చేసరికి ఆమె అడిగిన పది రూపాయలు నాకు పదోసారి అడిగిన పది రూపాయలుగా వినిపించాయి. అది పంట అని ఆ క్షణంలో నాకు నిజంగా తెలియదు. కొండ మీద దానంతట అది పూసిన పూలనుకున్నాను. నూనెగింజలని ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే నేను గట్టు దిగేవాణ్ణి కాదు.

నేను చేసినది సరైనదని అనడం లేదు. డబ్బు ఇచ్చాను, కానీ ఇచ్చిన తీరు బాగాలేదు. మా బాబు తిరుగు ప్రయాణంలో "ఆ ఆంటీ మనల్ని ఏమన్నది నాన్నా?" అని అడిగాడు. ఏమీ అనలేదని చెప్పాను. నిజానికి ఆమె ఏమీ అనలేదు. మీ చిత్రంలో నాలాంటి మనిషి నోటును నేల మీదికి విసరనక్కరలేదు. చేతిలోనే పెడతాడు, ఆమె ముఖం మాత్రం చూడడు.


జవాబు: ఘాటురోడ్డు (అనంతగిరి)

నేను పర్యాటకుల జీపు నడుపుతాను. నవంబరు నుంచి జనవరి దాకా వచ్చే డబ్బుతోనే మా ఇల్లు ఏడాది గడుస్తుంది. బొంగులో చికెన్ అమ్మే మా పిన్ని పరిస్థితీ అదే. పర్యాటకులు రాకూడదని మాలో ఎవరూ కోరుకోరు. చిత్రం చూసినవారికి అక్కడికి వెళ్ళడమే తప్పు అనిపిస్తే నష్టపోయేది మేమే కనుక ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

మీరెవరూ ప్రస్తావించని ఘర్షణ ఇంకొకటి ఉంది. రోడ్డు పక్కన పొలం ఉన్నవాళ్ళకు పూల కాలంలో చేతిలో నగదు ఆడుతుంది. కొండ వెనక పొలం ఉన్నవాళ్ళకు ఏమీ రాదు. రోడ్డు పక్కన నూనె కోసం కాకుండా ఫొటోల కోసమే వలిసెలు చల్లేవాళ్ళు కూడా ఇప్పుడు ఉన్నారు. అన్నదమ్ముల పంపకాల్లో ఒకప్పుడు నీటి తావున్న పల్లపు మడి కోసం పట్టుపట్టేవాళ్ళు, ఇప్పుడు రోడ్డు అంచు చెక్క కోసం పట్టుపడుతున్నారు. కూతురు బడి మానేసి గట్టు మీద ఎందుకు కూర్చుందో చెప్పాలనుకుంటే ఈ సంగతి మీకు ఉపయోగపడవచ్చు.


జవాబు: దూరతీరం (ఇటలీ)

నేను ఇటలీలో ఉద్యోగం చేస్తున్నాను. వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ ఉండే కొన్ని రోజుల్లో, రాత్రి బస చేయకుండా పగటి పూట వచ్చి పోయేవారి దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుము తీసుకోవడం మొదలుపెట్టింది. మన తెలుగు మిత్రులం నలుగురం ఆ వేసవిలో వెళ్ళి, ముందుగానే ఫోనులో చెల్లించి, ఆ కోడ్ చూపించి లోపలికి నడిచాము. రుసుము ఎందుకని మాలో ఒక్కరమూ అడగలేదు. అక్కడ అడిగినది నగరపాలక సంస్థ, అరకులో అడిగినది గట్టు మీద కూర్చున్న మనిషి. అంతకన్నా తేడా నాకు కనబడలేదు. కొండవాగు గారు చెప్పిన అడగడం, అడుక్కోవడం మాటలు చదివినప్పటి నుంచి ఇదే ఆలోచిస్తున్నాను.


ప్రశ్న అడిగినవారి జవాబు: వెన్నెలదారి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా ఐదుగురమూ కూర్చుని కథను మొదటి నుంచి తిరగరాశాము. రిసార్టు, థింసా, భూమి ఉపకథ, విసిరిన నోటు, నాలుగూ తీసేశాము. బాటసారి గారి అనుమతి ఉంటే వారి బాబును కథలోకి తెచ్చుకుంటాము.

కొత్త కథలో కారు ఆగేది పూల కోసం కాదు, పిల్లవాడికి వాంతి వచ్చినందుకు. తల్లి గట్టు మీద నుంచి చూసి, ఎవరూ అడగకుండానే సొరబుర్రలో నీళ్ళు తెచ్చి ఇస్తుంది. పిల్లవాడి ముఖం కడుగుతుంది. తండ్రి కృతజ్ఞతతో యాభై రూపాయలు ఇవ్వబోతే ఆమె వద్దంటుంది. కాసేపటికి పిల్లవాడు తేరుకుని పూలను చూసి లోపలికి పరుగెడతాడు, వాడి వెనక తల్లిదండ్రులు ఫోను పట్టుకుని గట్టు దిగబోతారు. అప్పుడు ఆమె పది రూపాయలు అడుగుతుంది. తండ్రికి అర్థం కాదు. నీళ్ళకు యాభై వద్దన్న మనిషి పూలకు పది అడుగుతున్నదేమిటని అతని మనసు చివుక్కుమంటుంది, తన కృతజ్ఞతను వాడుకుంటున్నదన్న అనుమానం కలుగుతుంది. మాటలు అక్కడ మొదలవుతాయి. దాహానికి ధర ఉండదు, పంటకు ఉంటుంది. ఆమెకు అది ఎంత మామూలు సంగతో, అతనికి అంత వింత. ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కానక్కరలేదు. కూతురు మధ్యలో నిలబడి అమ్మ మాటను తెలుగులోకి మార్చి చెబుతూ, ఒక దశలో ఆయన అన్న మాటను అమ్మకు చెప్పకుండా మానేస్తుంది. ఆయన ఏమన్నాడని తల్లి అడుగుతుంది. చిన్నమ్మాయి "ఏమీ అనలేదు" అంటుంది. కారు వెళ్ళిపోయాక తల్లి మొక్కలు ఏరి పేరుస్తుంది, కూతురు లెక్కపెడుతుంది.

ఘాటురోడ్డు గారు చెప్పిన అన్నదమ్ముల సంగతికి ఈ పావుగంటలో చోటు దొరకలేదు. కానీ కూతురు ఆ రోజు బడికి ఎందుకు వెళ్ళలేదో చెప్పే ఒక చిన్న మాట తల్లీకూతుళ్ళ మధ్య పెట్టాము. ఆదివారం రద్దీగా ఉన్నప్పుడు దూరం నుంచి కార్ల వరసను, ముఖాలు గుర్తుపట్టలేనంత దూరంలో, తీసుకుని, మిగతాదంతా మంగళ, బుధవారాల్లో తీయాలని నిర్ణయించుకున్నాము. కొండవాగు గారూ, ఈ కథలో మీకు తప్పుగా తోచినవి ఏమైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.


జవాబు: బాటసారి

మా బాబును తప్పకుండా కథలోకి తీసుకోండి. వాడికి కూడా చెప్పాను.


జవాబు: కొండవాగు

చదివాను. కూతురు మాట మింగేసే చోట కొంతసేపు ఆగిపోయాను. చిన్నప్పుడు సంతలో మా నాయనమ్మకూ షావుకారుకూ మధ్య నిలబడి నేనూ ఆ పని చేశాను.

సరిచేయవలసినవి రెండే ఉన్నాయి. మొదటిది సొరబుర్ర. అది మా ఇళ్ళలో ఇప్పటికీ ఉంది, ముసలివాళ్ళు చోడి అంబలి అందులోనే పొలానికి తీసుకువెళ్తారు. కానీ మీ తల్లి వయసు మహిళ రోడ్డు పక్క పొలానికి నీళ్ళు తెచ్చుకునేది ప్లాస్టిక్ సీసాలో. ఆ సీసా కూడా చాలాసార్లు కొన్నది కాదు, ఎవరో కారులోంచి పారేసి వెళ్ళినదాన్ని కడిగి పెట్టుకున్నది. సొరబుర్ర పెడితే ఫొటో బాగుంటుంది, సీసా పెడితే నిజం ఉంటుంది. మూత రంగు ఒకటి, సీసా మరొకటి అయి ఉంటుంది, ఆ ఒక్కటీ దగ్గరగా చూపించండి చాలు.

రెండవది లెక్క. మా పిల్లలు మొక్కలను ఒకటి రెండు అని లెక్కపెట్టరు, గుప్పిట పట్టినన్ని ఒక కట్టగా లెక్కపెడతారు. కట్టలు ఎన్ని అయ్యాయో కూతురు చెప్పాలి, అది ఆదివాసీ ఒడియాలో చెప్పాలి. ఆ మాట నేను పలికి రికార్డు చేసి పంపిస్తాను.

పూలు చూసి చెక్క ఎంచుకోవాలంటే ఆలస్యం అవుతుంది. ఆ సరికి రోడ్డు పక్క పొలాలన్నీ పర్యాటకుల కాళ్ళ కింద ఉంటాయి. విత్తనాలు చల్లే రోజుల్లోనే ఒకసారి రండి, కెమెరాలు తేవద్దు. రైతుతో అప్పుడే మాట్లాడుకుంటే, రోడ్డుకు కనబడేంత దగ్గరగా, కార్లు ఆగలేనంత మలుపులో ఉన్న చెక్క ఒకటి మా ఊరి దగ్గరే ఉంది, చూపిస్తాను.